కొలబద్ద

పొద్దున తొమ్మిదింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి
ఒడ్డు దిగి కూచుంటాను.
ఇనుప పలక, నలుపూ తెలుపూ గళ్ళు,
పైన కొంగ రెట్ట.
నీళ్ళు ఏ గీతను తడుపుతున్నాయో
పుస్తకంలో రాయడం నా కొలువు.
ఆ పుస్తకం ఎవరు చదువుతారో నాకు తెలీదు.

వేరువేరు మా నది పేరు.
నీళ్ళు ఒకటే.

ఎగువన, కిలిమంజారో నడుముకి మొలతాడులా
మా తాత తవ్విన కాలవ.
రెండు కోసులు తిరిగి అరటితోటల్లో పడుతుంది.
వంతు తప్పినవాడు
ఊరందరికీ అరటికల్లు పోయాలి, అదీ శిక్ష.
కాలవ పెద్ద ఇప్పుడు నా తమ్ముడు ఎలినామి.

దిగువన మాసాయి ఆవులు మూతులు చాచి నిలబడతాయి.
ఇంకా దిగువన ఆనకట్ట, దాని పేరు దేవుడి ఇల్లు.
దేవుడింట్లో నీళ్ళు తగ్గితే
ఊళ్ళలో దీపాలు మిణుకుమంటాయి.
నది సముద్రంలో కలిసే చోట
ఎవరో ఒకామె బావి తోడి, నోట పోసుకుని,
ఉప్పని ఉమ్మేస్తుంది.
ఆమెను నేను చూడలేదు.

నిన్న మూడింటికి ఎనభై ఆరు.
ఇవాళ తొమ్మిదింటికి అరవై ఆరు.
ఒక్క రాత్రిలో నది ఇంత చిక్కదు.
ఎవరో తూము ఎత్తారు.
ఎవరో అంటున్నాను గానీ
వాడు నా చంకన పెరిగినవాడు.

పది కాకముందే వచ్చాడు, భుజాన అరటిగెలతో.
"అప్పు తెచ్చి టమాటా వేశానక్కా.
ఆ మొదటి ఆరును ఎనిమిది చెయ్యి.
పైన చిన్న సున్నా చుట్టు, చాలు.
నదికేం తెలుస్తుంది?"

"తెలీదురా. నదికి చదువు రాదు.
అందుకేగా నన్ను పెట్టారు."

వాడు నవ్వలేదు.
గుడిసెలోకి వెళ్ళి సీసా తెచ్చాను,
మొన్న వానకి ముంచిన నీళ్ళు.
పైన తేట. అడుగున నాలుగు వేళ్ళ ఎర్రమన్ను.
"గట్ల మీద గడ్డి నరికి టమాటా వేశావు కదా,
ఇదిగో నీ చేను. నా దాకా నడిచొచ్చింది.
పట్టుకుపో."

చాలాసేపు వెలుతురుకి ఎత్తి చూశాడు.
అదే మన్నులో మా అమ్మ బొడ్డుతాడు పాతారు,
వాడిదీ, నాదీ.
సీసా చంకన పెట్టుకుని ఎక్కిపోయాడు.
గెల ఇక్కడే వదిలేశాడు,
లంచమో, మరుపో.

మూడింటికి మళ్ళీ దిగాను.
అరవై ఏడు.
తూము దించాడో,
పైన ఎక్కడైనా చినుకు పడిందో.
పుస్తకంలో కారణానికి గడి లేదు.
అంకె రాసి,
కొంగ రెట్ట కడిగి వచ్చాను.