అరచేతంత బుట్ట

వేలచ్చేరి సిగ్నల్ దగ్గర
బోండాలమ్మే సెల్వాన్ని బతిమాలి
లేత కొబ్బరాకు తెచ్చుకున్నాను.
మూడోసారికి గానీ బుట్ట నిలబడలేదు.

బాలి పల్లెలో రస్మిని
పొయ్యి మీద అన్నాన్ని చూస్తూ, చేతులు చూడకుండానే
పాతిక అల్లేసేది.
నా వంకర బుట్టకి పగలబడి నవ్వి
దాన్నే ముందు వాకిట్లో పెట్టింది.
కోడొచ్చి మెతుకులు ఏరుకుంది.
అదిలించబోతే
నా మణికట్టు పట్టుకుని ఆపింది.
ఆమె భాష నాకు రాదు. ఆ పట్టు మాత్రం తెలిసింది.

ఇక్కడ, లిఫ్టు పక్కన పెట్టాను:
బంతి రేకులు, నాలుగు మెతుకులు, ఊదొత్తి.

ఏడింటికి అంజలై చీపురుతో వచ్చింది.
ఎవరు పెట్టారని అడిగింది.
నా తమిళం కూరగాయల బేరం దాకానే.
నేనేనన్నట్టు తలూపాను.

కాసేపు చూసింది.
చెప్పులు విడిచి, పక్కన పెట్టి,
ఊడ్చేసింది.