రెప్ప పడినోళ్లు

ఆదోనిలో మద్దిలేటి మామ స్టూడియో మూసేసిన పొద్దు
బీరువా కింద అట్టపెట్టె దొరికింది.
పనికిరావని పక్కనేసిన పాస్‌పోర్టు ఫొటోలు:
ఫ్లాష్‌కి రెప్ప వాల్చినోళ్లు,
తుమ్ము మధ్యలో ఆగిపోయినోళ్లు.
రేషన్ కార్డుకి చెల్లని మొకాలు, నాలుగు వందలు.

నలభై ఏరినా.
ఖాజా జిరాక్సులో, కరెంటు పోయి వచ్చే సందుల్లో
పుటకొకరు, ఒక పక్కే అచ్చు.
పేరు లేదు, కింద ఒక్క మాటా రాయలేదు.
పత్తి మార్కెట్లో బోరాలు కుట్టే దబ్బనం అడుక్కొచ్చి
పురికొసతో వెన్ను కుట్టినా.
పదమూడు పుస్తకాలు, వేలికి రెండు పోట్లు.
అట్టలకి విత్తనాల కంపెనీ పాత కేలండర్లు,
తిరగేసి.

"కండ్లు మూసినోళ్ల పుస్తకం ఎవురు కొంటారప్పా?"
ఖాజా నవ్వినాడు.
రెండు కొన్నాడు.

ఏడో కాపీ తిప్పతా తిప్పతా
టీ బంకు ఉరుకుందమ్మ ఒక పుట కాడ నిలబడిపోయింది.
"మా ఆయప్ప.
కండ్లు తెరిచింది ఆఫీసోళ్లు తీసకపాయిరి, మళ్లా ఇయ్యల్యా."
పాలు పొంగినాయి. స్టవ్ తగ్గించి వచ్చి,
"నిద్దర్లో అచ్చం ఇట్లనే ఉంటాండె."

అసలు ఫొటో తెచ్చిస్తానంటే వద్దనింది:
"అది గోరంత. ఇది మొకమంత."

ముడి విప్పినా.
మడతకి అవతలి సగంలో
ఎవురో పిల్లోడు, తుమ్ముతా.
కత్తెర తీస్తే చెయ్యి పట్టుకునింది.
"ఉండనీ. తోడుంటాడు."

ఏడో కాపీ అమ్మలేదు.
దాని దారం ఇంకా వదులే.