చేవ రంగు

కంపేచెలో మధ్యాహ్నం. ఆసుపత్రి వెనక గది.
మైనపు దిమ్మెలోంచి
ఉల్లిపొర కన్నా పల్చగా కోసిన ముక్కను
గోరువెచ్చని నీటిమీద పరుస్తుంది ఎలిదా.

గాజుపలక మీదికెక్కాక అక్కడేమీ లేనట్టే ఉంటుంది.
రంగు పడేదాకా
ఏ ఒళ్లైనా గాజే.

హెమటాక్సిలిన్‌లో ఎనిమిది నిమిషాలు.
చెట్టు చేవలోంచి దిగిన రంగు.
ఈ తీరం బురదల్లో ఆ చెట్లే నరికాడు తాత;
పెట్టెలో పడుకోబెట్టిన రోజు కూడా
అతని గోళ్లు ఊదాగానే ఉన్నాయి.

కుళాయి కింద ఎరుపు మెల్లగా నీలమవుతుంది.

కటకం తిప్పింది.
కేంద్రకాలు, కిక్కిరిసి,
ఒకదాన్నొకటి తోసుకుంటూ.
చెప్పాల్సింది డాక్టరు. ఆమె చెప్పదు.
చీటీమీది పేరు మాత్రం మళ్లీ చదివింది:
చేపల బజారులో రోజూ
కొసరు వేసే మనిషి.

బొటనవేలి మరకను సబ్బుతో రుద్దుతోంది,
ఇంకా.