బాగుచెయ్యని స్పీకరు

నాకు పాట రాదు.
కోఠి గుజరాతీ గల్లీల, మెట్ల కింది దుకాణంల,
టంకం పొగల ఇరవై రెండేండ్లు కూసున్నోన్ని.
చచ్చిన ఆంప్లిఫయర్ల నాడి పట్టుడు నా పని.
పెండ్లి మైకులు, మసీదు హారన్లు, గణేశ్ మండపం డబ్బాలు,
అన్నిటిదీ ఒకటే జబ్బు:
తాహతుకు మించి అరిచినయి.

ఓ వానకాలం పొద్దుగూకంగ
ఆటోల తెచ్చిండ్రు ఓ పాత పెట్టెను,
దవాఖానకు ముసలోన్ని మోసుకొచ్చినట్టు.
దాని ఎనుక నిజంగనే ఓ ముసలాయన, భుజాన గిటారు.
క్లైవ్ రోజారియో. లాలాగూడ లోకో షెడ్డుల ఫిట్టరు చేసి దిగిండు.
ఆయన తెలుగు
పట్టాలు మారే కాడ డబ్బా ఊగినట్టుంటది.
"దీని గొంతు రాసింది, భాయ్" అన్నడు.

ఆయనకొచ్చినయి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుల
క్రిస్మస్ డాన్సులకు వాయించిన కంట్రీ పాటలు.
గుర్రాలు, దుమ్ము, పొయిన పిల్ల, రాని బండి.
తీగ మీద వేలు జారిస్తే
గంజి వార్చినంత మెత్తగుంటదట.

పెట్టెకు ఇంకో దిక్కు పట్టినోడు బీరప్ప.
తాతది ఒగ్గు డోలు, వీనిది డబుల్ పెడలు.
యాచారం కాడ మందల నుంచి
పన్నెండు గొర్లు, ఒక పొట్టేలు అమ్మి కొన్న డ్రమ్ములు.
కొట్టినప్పుడల్ల ఒక్కొక్కదాన్ని లెక్కవెడ్తడు.
"గుర్రాల పాటలేంది తాతా,
మా వంశంల ఎవ్వడు గుర్రమెక్కలే.
గొర్లున్నయి. గొర్ల మీద కట్టు."

మెట్టుగూడ ఎస్తేరు నవ్వలే.
ఆదివారం చర్చిల పాట,
మిగిలిన ఆరు దినాలు డయాలిసిస్ వార్డుల నైటు డ్యూటీ.
మిషిన్ల మధ్యల మెల్లగ మాట్లాడి మాట్లాడి
కేక ఏడనో దాచిపెట్టుకున్న పిల్ల.

పెట్టె ఇప్పిన. కోను చిరిగింది
నా చిటికెన వేలంత. ఎలకల పని.
పదిహేడు వందలైతయి, రేపు రాండ్రి అన్న.
తీగలు కలిపి, ఒక్క పారి వాయించు సాబ్, చూస్త, అన్న.

ముసలాయన అదే మెత్తటి పాట ఎత్తుకున్నడు.
చిరుగులకెళ్ళి బయటికొచ్చేసరికి
గంజిల కంకర పడ్డది.
గూడ్సు బండి బ్రేకు పడ్డది.
మంద తప్పిన గొర్రె
తోడేలు నోట్లకెళ్ళి పిలిచినట్టు,
పిలుస్తున్నది గొర్రెనో తోడేలో తెల్వనట్టు.
గల్లీల రిమోట్లు బేరమాడెటోళ్ళు ఆగిండ్రు.
ఎదురుంగ ఖదీర్ కప్పు నిండినా చాయ్ పోస్తనే ఉన్నడు.
బీరప్ప నా స్క్రూల డబ్బా గుంజుకొని దరువేసిండు.
ఎస్తేరు
మంద మలిపే కేక వేసింది.
ఆ కేక ఆమెకెట్లొచ్చిందో నేనడగలే.

ఆగినంక ఎవ్వరం మాట్లాడలే.
ఇంజను చల్లారిందా లేదా చూసినట్టు
ముసలాయన స్పీకరు మీద అరచెయ్యి పెట్టిండు.
"బాగుచెయ్యొద్దు."

ఇరవై రెండేండ్లల్ల
బాగుచెయ్యనందుకు పైసలిచ్చిన మొదటి గిరాకి.
చిరుగు పెరగకుంట అంచులకు గోళ్ళరంగు పూసిన,
ఎస్తేరు సంచిలదే, ముదురెరుపు.
వంద తీసుకున్న.

ఇప్పుడు వాళ్ళ పేరు 'ఔటర్ల ఆగిన బండి'.
మౌలాలిల వెల్డింగ్ షెడ్డు వాళ్ళ ప్రాక్టీసు జాగ.
పోలీసాయన రెండు పార్లొచ్చిండు,
రెండో పారి డ్యూటీ దిగినంక వచ్చిండు.

గచ్చిబౌలి పబ్బోళ్ళు పిలిస్తే పొయిండ్రు.
సౌండు సాఫుగుండాలె అని
మా పెట్టెను మూలకు జరిపి కొత్తది పెట్టిండ్రట.
పాట మంచిగనే వచ్చిందట.
అందరు తింటనే ఉన్నరట.

తెల్లారి నేను షట్టరు ఎత్తకముందే
ముగ్గురు మెట్ల మీద కూసున్నరు, నడుమ పెట్టె.
ఏమైందంటే, ఏం కాలే,
ఒక్క పారి చూడు, అన్నరు.
చిటికెన వేలు పెట్టి కొలిచిన.
ఉన్నంతనే ఉంది.
రంగు లేసిన కాడ ఇంకో పూత పూసి
ఆరేదాక
నోటితోని ఊదుకుంట కూసున్న.