షాఫ్టు చుట్టూ

సూర్యారావుపేటలో సందు చివర, సెల్లారులో మా మిషను.
మెట్ల మీద చెప్పుల గుట్ట,
లోపల ఎముకలు కొరికే ఏసీ.
ఊపిరి బిగబట్టమని మిషను హిందీలో చెబుతుంది.
ఏసుపాదం అద్దం ఇవతల నుంచి
దాన్నే బెజవాడ తెలుగులో కసురుతాడు:
"గాలి పీల్చు... ఆపు... ఆపెహె!"

నేను మొహాలు చూసేదాన్ని కాదు.
నా దగ్గరికి మనుషులు
అయిదేసి మిల్లీమీటర్ల ముక్కలుగా వస్తారు,
కుడి ఎడమై, ఎడమ కుడియై.

ఆ రాత్రి వచ్చినవాడు షేక్ బాజీ, యాభై మూడేళ్లు,
ఆటోనగర్‌లో లేతు పని.
నాలుగు నెలలుగా బొడ్డు పక్కన నొప్పి.
అల్సరన్నారు, గ్యాసన్నారు.
గోంగూర మానెయ్యమన్నారు, మానేశాడు.
బీబీజాన్ ఆ జబ్బు పేరు నోటితో అనకుండా
రసీదు అంచు మడుస్తోంది,
విప్పుతోంది.

తెర మీద కొవ్వు నల్లగా ఉండాలి.
మాఘం తెల్లవారుజామున బ్యారేజీ మీంచి చూస్తే
కృష్ణ ఉందో లేదో తెలియనట్టు
పేగుల్ని పట్టి ఉంచే ఆ పొర నిండా మసక.
చుట్టూ పేగులు కాస్త ఒత్తిగిల్లి దారిచ్చాయి.
మసకలో గ్రంథులు, మెంతిగింజలంత.
లెక్కపెట్టాను. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాను.
పెద్దవాటి కోసం మెడ కింద నుంచి తొడల దాకా వెతికాను.
లేవు.
లేవు అని రాయడానికి ఇంకో పావుగంట పట్టింది.

తలుపు తోసుకుని అతనే వచ్చాడు,
చేతికి దూది, చొక్కాకి కటింగ్ ఆయిల్ వాసన.
"మేడమ్, నన్నొకసారి నాకు చూపించండి."

చూపించాను.
బిగించిన జాబు చూసినట్టు చూశాడు, ఒక కన్ను మూసి.
"గ్రీజులో నీళ్లు దిగాయండీ. పాలిపోయింది."
కాసేపాగి,
"షాఫ్టు చుట్టూ మాత్రం సన్నటి నల్ల రింగుంది చూడండి,
అక్కడ గ్రీజు చెడలేదు."

రక్తనాళం చుట్టూ చెడకుండా మిగిలిన కొవ్వు.
ఆ రింగు కోసమే గంట నుంచి
నా కళ్లు మండుతున్నాయని అతనికి చెప్పలేదు.

కొవ్వు పొర వాచిందన్నాను.
"దేనివల్ల?"
తెలీదన్నాను. చాలామందికి ఎందుకో తెలీకుండానే వస్తుంది,
తెలీకుండానే తగ్గుతుంది కూడా.
"విప్పక్కర్లేదుగా?"
"ఇప్పటికి అక్కర్లేదు. ఆరు నెలలకి మళ్లీ రండి."
అతను అక్కర్లేదు విన్నాడు.
బీబీజాన్ ఇప్పటికి విన్నది.

వెళ్తూ వెళ్తూ ఆమె
ఆ నల్ల రింగు మీద వేలు పెట్టింది,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు మీద పెట్టినట్టు.
తెర మీద మరక పడింది.
తుడవబుద్ధి కాలేదు.

మూడో పేషెంటు కిడ్నీలో రాయి
ఆ మరక కింద కాసేపు కనబడకుండా పోయింది.
అప్పుడు తుడిచాను,
కొంగుతోనే.