లాకు తలుపు

రండమ్మా, రండి. చెప్పులు ఆ అరుగు మీద విప్పండి.
బురద కాళ్లైనా పర్వాలేదు,
జూన్ నెలలో ఈ లంకలో బురద లేని కాళ్లెవరివి?
నేను నూకరత్నాన్ని, ఈ అంగన్‌వాడీ ఆయాని.
టీచరమ్మ రేవులో ఉంది, పంటు ఇంకా ఇవతలికి రాలేదట.
ఈలోగా మీ పిల్లల పేర్లు చెప్పండి నాకు.
రిజిస్టర్లో రాసే పేరు కాదు,
అన్నం తినిపించేటప్పుడు పిలిచే పేరు.

పండు.
బుజ్జులు.
కుంకుడు.
కుంకుడేమిటమ్మా?
"ఆయ్, పుట్టినప్పుడు అంతే ఉందండి" అంటోంది సువార్త.
రిజ్వాన్ పేరు చెప్పడు,
వాళ్ల నాన్న చొక్కా గుండీ నోట్లో ఉంది వాడికి.
ఉండనీ బాబూ, గుండీ ఊడితే నేనే కుడతాను.

ఆ దూలానికి వేలాడేది ఉయ్యాల కాదు, తూకం.
అందులో కూర్చోబెడితే అందరూ ఏడుస్తారు,
దిగాక మళ్లీ ఎక్కుతామని ఏడుస్తారు.
ఆ మూల కొబ్బరి పిందెలు, ఈనెలు ఉన్నాయి,
నిన్న రాత్రి కూర్చుని నాలుగు బళ్లు చేశాను,
ఒకదానికి చక్రం సరిగ్గా కుదరలేదు.
అదే వాళ్లకి నచ్చుతుంది, చూడండి.

మా నాన్న లాకుల దగ్గర కళాసీ.
నా చిన్నప్పుడు కాలవలో ఇంకా పడవలు తిరిగేవి,
ధాన్యం బస్తాలతో, కొబ్బరికాయలతో,
ఒకసారి తడిసిపోయిన పెళ్లివారితో.
ఎగువ నీళ్లు ఎత్తు. దిగువ నీళ్లు పల్లం.
పడవని మధ్యలోకి రానిచ్చి
వెనక తలుపు మూసేవాడు నాన్న.
ముందు తలుపు మాత్రం తీసేవాడు కాదు.
చిన్న తూము కాస్త ఎత్తి
చుట్ట వెలిగించుకుని గట్టు మీద కూర్చునేవాడు.
సరంగు తిట్టేవాడు. షావుకారు గొడుగు ఊపుతూ తిట్టేవాడు.
నాన్న చుట్ట మాత్రం తొందరపడి కాలేది కాదు.
ఆ నీళ్లూ ఈ నీళ్లూ ఒక మట్టానికి వచ్చాక
ఏనుగంత తలుపు
ఎనిమిదేళ్ల నేను తోస్తే తెరుచుకునేది.

ఇప్పుడా లాకుల్లో గుర్రపుడెక్క పెరిగింది.
కానీ ఈ గదిలోకి అడుగుపెట్టినప్పుడల్లా
నాకు ఆ నీళ్ల చప్పుడే.
ఇంటి మట్టం వేరు, బడి మట్టం వేరు.
తోయకండమ్మా.
పిల్లని లాగి నా చేతుల్లో పడేసి పరుగెత్తకండి.
"అదిగో పిల్లి" అని చూపించి
వెనక నుంచి జారుకోకండి.

ఇరవై ఆరేళ్ల కిందట ఒక పిల్లాడికి అలాగే చూపించారు.
సాయంత్రం దాకా కిటికీ కింద పిల్లిని వెతికాడు,
పిల్లి దొరికితే అమ్మ దొరుకుతుందనుకున్నాడు.
నేను అప్పుడు కొత్త. ఏం చెప్పాలో తెలియక
నేనూ వాడితో కలిసి వెతికాను.
దావీదూ, నువ్వే.
నవ్వకు.
ఎంత పొడుగు చెట్టైనా ఎక్కి దింపు దింపే మొనగాడివి,
గడప దగ్గర ఎందుకలా నిలబడ్డావు,
నీ కూతురి చెయ్యి వదలకుండా?

కూర్చో. అందరూ కూర్చోండి.
ఇవాళ ఎవరికి పనున్నా పది నిమిషాలు ఆగొచ్చు,
చెరువుల్లో రొయ్యలు మీ కోసం గడియారం చూడవు.
వెళ్లేటప్పుడు మాత్రం చెప్పి వెళ్లండి,
మొహం చూసి, వాళ్ల ఎత్తుకి వంగి:
గుడ్డు తిను, పడుకో, లేచేసరికి వస్తాను, అని.
అన్నాక రావాలి. వాన వచ్చినా రావాలి.
ఏడుస్తారు. ఈ గోడలకి అలవాటే.
మీరు కాలవగట్టు దాటాక ఏడుస్తారు,
అది నేను చూడననుకుంటారు.

అదిగో, టీచరమ్మ గొడుగు కనిపిస్తోంది.
దావీదు గొంతుక్కూర్చుని
కూతురి చెవిలో ఏదో చెబుతున్నాడు, చాలాసేపటి నుంచి.
కుంకుడు ఒక కాలు గడప లోపల పెట్టింది.
రెండోది ఇంకా బయటే ఉంది.
ఉండనివ్వండి.
గుడ్లు ఉడకడానికి ఇంకా టైముంది.