కొసరు

మలావి, డెడ్జా జిల్లా నీటి ఆఫీసు.
ఎదుటి బల్ల దగ్గర ఎనిఫా ఫారం నింపుతోంది:
సాంకేతిక సహకారం, గ్రాంటు, డాలర్లలో.

విమానం టికెట్టు. లాడ్జి. జీపు. దోమతెర.
నిపుణుడి పదకొండు వారాల జీతం
అతని ఊళ్ళోనే, అతని బ్యాంకులోనే దిగింది;
ఐనా మాకిచ్చినట్టే లెక్క.
పంపు బాగుచేసే పద్ధతి మీద ఒక పుస్తకం మిగిలింది,
చిచేవాలోకి ఎవరూ మార్చలేదు.

పంపు మాత్రం ఆడుతోంది.
పాత చెప్పు అడుగు కోసి
లెకెలేని వాషరు వేశాడు.
నిపుణుడు బురదలో గొంతుక్కూర్చుని
రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నాడు.

అదెక్కడ రాయాలి?
దాత అన్న గడిలో పెన్సిలుతో
లెకెలేని పేరు పెట్టి
మొత్తం దగ్గర ఆగిపోయింది ఎనిఫా.

కిటికీ అవతల బకెట్ల వరస.
నిండిన బకెట్టులో ఎవరో
ఇంకొక్క కొట్టు కొట్టారు,
కొసరు.